జానెడు కర్రముక్క

తెల్లవారడానికి ఇంకా టైముంది. ఎడారి కదా, వేడిగా ఉంటుందనుకుని వచ్చినవాళ్లకు మొహావీ మొదట చూపించేది చలి. జేబుల్లోంచి చేతులు తియ్యబుద్ధి కాదు. మీ ముందు చూపు ఆనినంత దూరం ఒక్క గడ్డిపరక లేని చదును నేల. ఎప్పటిదో సరస్సు ఇంకిపోయి, అడుగునున్న మట్టి సిమెంటులా బిగుసుకుపోయింది. వేసవిలో ఎండిన చెరువులో నడిచినవాళ్లు దాన్ని మైళ్ల కొద్దీ సాగదీసి ఊహించుకోవచ్చు. పేరు రోజర్స్ డ్రై లేక్. దాని ఒడ్డున కొన్ని చెక్క బ్యారక్‌లు, హ్యాంగర్లు. కాలిఫోర్నియాలోని మ్యూరాక్ వైమానిక స్థావరం అంటే ఇంతే. ఇవాళ 1947 అక్టోబర్ 14, మంగళవారం.

అక్కడ నేలలో ఒక పెద్ద గొయ్యి తవ్వి ఉంది. నారింజ రంగు విమానమొకదాన్ని ఆ గోతిలోకి దించి, దాని మీదికి బి-29 బాంబరును తెచ్చి నిలబెడతారు. తర్వాత చిన్నదాన్ని పైకెత్తి పెద్దదాని కడుపులో కొక్కేనికి తగిలిస్తారు. బాంబు ఉండాల్సిన చోట విమానం. తగిలించాక కూడా అది పూర్తిగా లోపల ఇమడదు. కోతిపిల్ల తల్లి పొట్టను కరుచుకున్నట్టు, సగం బయటే వేలాడుతూ ఉంటుంది.

దగ్గరికి వెళ్లి చూడండి. తొమ్మిదిన్నర మీటర్లకు కాస్త తక్కువ పొడుగు. ముక్కు నుంచి తోక దాకా అది అచ్చం తుపాకి గుండు. ఇది పోలిక కోసం అంటున్న మాట కాదు. ధ్వని కన్నా వేగంగా పోతూ కూడా చెదరకుండా నిలబడుతుందని అప్పటికే తెలిసిన వస్తువు అర అంగుళం మెషిన్‌గన్ గుండు. బెల్ కంపెనీ ఇంజినీర్లు దాని ఆకారమే తీసుకుని, రెక్కలు తగిలించి, లోపల మనిషిని కూర్చోబెట్టారు. ముందు అద్దం కూడా గుండు వంపులోనే కలిసిపోయి ఉంటుంది, పైకి పొడుచుకురాదు. రెక్క మందం దాని వెడల్పులో నూటికి ఎనిమిది పాళ్లు. తోక దగ్గర అడ్డంగా ఉన్న చిన్న రెక్క ఇంకా పలచన, ఆరు పాళ్లే. ఈ తోక రెక్కను గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టి కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

విమానం పేరు ఎక్స్-1. ముక్కు మీద రంగుతో రాసిన పేరు ‘గ్లామరస్ గ్లెనిస్’. గ్లెనిస్ దాన్ని నడిపేవాడి భార్య.

ద్రవ ఆక్సిజన్ నింపుతున్నారు. సున్నాకు దిగువన 183 డిగ్రీల చల్లదనం. గొట్టం చుట్టూ తెల్లటి పొగమంచు లేచి నేల మీద పాకుతోంది, విమానం నడుం చుట్టూ మంచు పట్టీలా పేరుకుంటోంది. రెండో ట్యాంకులో నీళ్లు కలిపిన ఆల్కహాలు. ఈ రెండింటినీ ఇంజన్లోకి తోసే పంపు ఇంకా తయారు కాలేదు కనుక, విపరీతమైన ఒత్తిడితో నింపిన నైట్రోజన్ వాయువే తోస్తుంది. వెనక నాలుగు రాకెట్ గదులు, ఒక్కొక్కటి 1,500 పౌండ్ల తోపు. నాలుగూ ఒకేసారి మండితే ఇంధనం రెండున్నర నిమిషాల్లో అయిపోతుంది. అంతకు మించి ఒక్క క్షణం కూడా ఇంజన్ బలం ఉండదు, ఆపైన గ్లైడరే.

అదిగో, నడిపేవాడు వస్తున్నాడు. కెప్టెన్ చక్ యేగర్. వయసు 24. వెస్ట్ వర్జీనియా కొండల్లో పుట్టినవాడు, హైస్కూలుతో చదువు ఆపినవాడు, రెండో ప్రపంచ యుద్ధంలో మస్టాంగ్ యుద్ధవిమానం నడిపి పేరు తెచ్చుకున్నవాడు. నెల జీతం 283 డాలర్లు. అతని నడకలో ఏదో తేడా ఉంది, గమనించారా? కుడిచెయ్యి ఒంటికి అతుక్కుపోయినట్టుంది. దించడానికి, ఎత్తడానికి దాన్ని వాడడం లేదు.

సంగతేమిటంటే, ఆదివారం రాత్రి స్థావరం పక్కనే ఉన్న పాంచో బార్న్స్ గుర్రాల కొట్టం నుంచి భార్యతో కలిసి స్వారీకి వెళ్లాడు. పాంచో ఒకప్పుడు తానే విమానాలు నడిపిన మనిషి. ఆమె నడిపే హోటలే ఈ పైలట్లందరికీ అడ్డా. తిరిగి వస్తుంటే చీకట్లో గేటు మూసి ఉన్నది చూసుకోలేదు. గుర్రం మీంచి ఎగిరి పడ్డాడు. కుడివైపు రెండు పక్కటెముకలు విరిగాయి. స్థావరం డాక్టరుకు చూపిస్తే ఎగరనివ్వడు. అందుకని బయటి ఊళ్లో ఒక డాక్టరు దగ్గర పట్టీ వేయించుకుని కిమ్మనకుండా ఉండిపోయాడు. తెలిసింది ఇద్దరికే. ఒకరు గ్లెనిస్. రెండోవాడు తోటి పైలట్, ఇంజినీరు జాక్ రిడ్లీ.

నొప్పిని పంటి బిగువున ఓర్చుకోగలడు. అడ్డం వచ్చింది నొప్పి కాదు, తలుపు. ఎక్స్-1 తలుపు కుడిపక్క ఉంటుంది. పైలట్ లోపల కూర్చున్నాక దాన్ని బయటి నుంచి చట్రానికి ఆనించి పట్టుకుంటారు, లోపలి నుంచి అతను మీట బిగించి గొళ్లెం వెయ్యాలి. కుడిచేత్తో బలంగా తొయ్యాలి. ఆ చెయ్యి భుజం దాకా లేవదు. ఎడమచెయ్యి అంత దూరం అందదు. తలుపు పడకపోతే ప్రయాణమే లేదు.

రిడ్లీ హ్యాంగరంతా కలియజూశాడు. మూల ఊడ్చేవాడి చీపురు కనబడింది. మన ఇళ్లలో వంగి ఊడ్చే చీపురుకట్ట కాదు, నిలబడి ఊడ్చే పొడుగాటి చెక్క కర్రది. దాని కొస నుంచి పది అంగుళాల ముక్క రంపంతో కోయించాడు. మీటలో దూర్చి ఎడమచేత్తో పైకెత్తితే గొళ్లెం పడుతుంది. ఇద్దరూ విమానంలో సరిచూసుకున్నారు. పడింది.

అమెరికా సైన్యం, బెల్ కంపెనీ, ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ నాకా, మూడూ కలిసి ఏళ్లపాటు పెట్టిన ఖర్చు, పడిన పాట్లు ఇవాళ పొద్దున ఈ జానెడు కర్రముక్క మీద ఆగి ఉన్నాయి. ఈ కథ చదివినప్పుడల్లా నాకు ముందుగా కనబడేది రాకెట్టు కాదు, రంపం పట్టుకుని నిలబడ్డ రిడ్లీ.

విమానం పైకి లేచేలోగా, వీళ్లు దేనికి భయపడుతున్నారో చెప్పాలి.

రోడ్డు మీద బండి వస్తుంటే హారన్ విని జనం పక్కకు తప్పుకుంటారు. గాలి కూడా అంతే. విమానం వస్తోందన్న కబురు దాని ముందు ఒత్తిడి తరంగాలుగా వెళుతుంది, ఎదురుగా ఉన్న గాలి సర్దుకుని దారి ఇస్తుంది. ఆ కబురు పోయేది ధ్వని వేగంతో. మరి హారన్‌తో పాటే బండీ వచ్చి పడితే? తప్పుకునే వ్యవధి గాలికి దొరకదు. అక్కడికక్కడే కుప్పపడి గట్టి తెరలా నిలబడిపోతుంది. వేగం అంచుల్లోకి వెళ్లిన యుద్ధవిమానాలు డైవ్‌లో వణికిపోయేవి. పైలట్ చేతిలోని స్టిక్కు కొయ్యబారిపోయేది. కొన్ని ముక్కలైపోయేవి. ప్రయోగశాలలో చూద్దామంటే ఆ వేగం దగ్గరికి రాగానే నమూనా నుంచి పుట్టిన తరంగాలు గాలి సొరంగం గోడలకు తగిలి వెనక్కొచ్చి కొలతలన్నీ పాడుచేసేవి. సరిగ్గా ఎక్కడ చూడాలో అక్కడే పరికరాలకు కళ్లు పోయేవి. అందుకే విమానాన్నే ప్రయోగశాలగా చేసి పైకి పంపుతున్నారు. ఎక్స్-1 కడుపులో 500 పౌండ్ల కొలత పరికరాలున్నాయి.

పోయిన ఏడాది సెప్టెంబర్ 27న ఇంగ్లండులో జెఫ్రీ డి హావిలాండ్ అనే పైలట్ తోక లేని డి.హెచ్.108 జెట్‌ను అదే వేగం దగ్గరికి తీసుకెళ్లాడు. థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట అది గాలిలోనే విరిగిపోయింది. ఆ జెట్‌ను తయారుచేసిన కంపెనీ పెట్టిన డి హావిలాండ్ కొడుకే అతను. విమానాలు తయారుచేసే ఇంట్లో పుట్టినవాణ్నే గాలి వదల్లేదు. ‘ధ్వని గోడ’ అన్న మాట అప్పటికి పేపర్లన్నింటిలో తిరుగుతోంది. గోడ అంటే గోడే అని గట్టిగా నమ్మినవాళ్లు ఇంజినీర్లలోనూ ఉన్నారు.

యేగర్‌కు ఆ గోడ కొద్దిరోజుల కిందట తగిలింది. మ్యాక్ 0.94, అంటే ధ్వని వేగంలో నూటికి 94 పాళ్లు. ముక్కు పైకెత్తుదామని స్టిక్కు వెనక్కి లాగాడు. ఏమీ జరగలేదు. ఒళ్లో దాకా లాగాడు. విమానం తన దారిన తాను పోతోంది. తాళ్లు తెగిన తోలుబొమ్మను ఆడిస్తున్నట్టు. ఇంజన్ ఆపేసి, వేగం తగ్గాక మళ్లీ పట్టు దొరికి, బతికి కిందికి వచ్చాడు. ఇక ఇంతేనేమో అని అతనికే అనిపించింది.

ఏం జరిగిందో లెక్కలు చెప్పాయి. మామూలు విమానంలో తోక రెక్క ముందు భాగం కదలదు, వెనక అంచున కీలు మీద వేలాడే పలక ఒక్కటే పైకీ కిందికీ ఊగుతుంది. దాన్నే ఎలివేటర్ అంటారు. 0.94 దగ్గర గాలి తెర సరిగ్గా ఆ కీలు మీదికి వచ్చి కూర్చుంది. తెర వెనక పడిన పలకకు పట్టు దొరికే గాలే లేదు. ఎంత ఊపినా పట్టించుకునేవాళ్లు లేరు.

అప్పుడు రిడ్లీ కూర్చున్నాడు, కాగితం, పెన్సిలూ పట్టుకుని. ఇతను ఒక్లహోమా మనిషి. కాల్‌టెక్‌లో విమానశాస్త్ర పండితుడు వాన్ కార్మన్ దగ్గర చదువుకున్నాడు. మాట్లాడితే పల్లెటూరి యాస, లెక్క వేస్తే తిరుగులేదు. పైలట్ కూడా. యేగర్ ఒంటితో పసిగట్టింది రిడ్లీ అంకెల్లోకి దించేవాడు, రిడ్లీ అంకెల్లో చూసింది యేగర్‌కు అర్థమయ్యే మాటల్లోకి మార్చేవాడు. ఎక్స్-1 తోక రెక్కకు ఒక అదనపు ఏర్పాటు ఉంది. మొత్తం రెక్కనే కొద్దికొద్దిగా వంచే మర మోటారు, దానికో స్విచ్చి. బెల్ ఇంజినీర్లు ముందుచూపుతో పెట్టి ఉంచారు కానీ గాలిలో వేగంగా పోతూ వాడాలని ఎవరూ చెప్పలేదు. వెనక పలకను వదిలేసి, రెక్క మొత్తాన్నే తిప్పితే? డిగ్రీలో మూడో వంతో నాలుగో వంతో చాలు. ఆ వేగంలో అంతకన్నా ఎక్కువ తిప్పితే విమానమే విరగవచ్చు.

ఆ స్విచ్చిని నేల మీద చూశారు. ఆ తర్వాత గాలిలో మెల్లగా, మెట్టు మెట్టుగా చూశారు. పనిచేసింది. (మొత్తంగా తిరిగే తోక ఇంగ్లండులో మైల్స్ ఎం.52 అనే విమానానికీ వేశారు. 1946 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం దాన్ని సగంలోనే ఆపేసింది. ఎగిరి ఉంటే ఈ కథ వేరే ఎడారిలోనో వేరే సముద్రం మీదో చెప్పుకునేవాళ్లమేమో.)

ఇంకొక చిన్న సంగతి. మొన్న 10వ తేదీన దిగేటప్పుడు అద్దానికి లోపలి వైపు మంచు పట్టింది. గీకినా పోలేదు. పక్కన ఎగురుతున్న జెట్‌లోంచి దారి చెబుతుంటే, కళ్లకు గంతలు కట్టుకున్నట్టు దిగాడు యేగర్. ఇవాళ మెకానిక్కుల పెద్ద జాక్ రసెల్ ఆ అద్దానికి తలంటుకునే షాంపూ పూశాడు. ఎండిన షాంపూ పొర మీద మంచు పట్టదని అతనికి తెలుసు. చీపురు కర్ర, స్విచ్చి, షాంపూ.

బి-29 లేచింది. నడుపుతున్నది మేజర్ బాబ్ కార్డెనాస్. యేగర్ ఇంకా ఎక్స్-1లో లేడు, బి-29లోనే కూర్చున్నాడు. కొన్ని వేల అడుగులు ఎక్కాక లేచాడు. మీరూ వెంట రండి.

బాంబు గది తలుపుల దగ్గర గాలి హోరు చెవుల్ని మూసేస్తుంది. నాలుగు ప్రొపెల్లర్ల మోత పళ్లలో తెలుస్తుంది. కింద ఎడారి, మధ్యలో ఏమీ లేదు. ఒక చిన్న నిచ్చెన నారింజ రంగు విమానం కుడిపక్కకు దిగుతోంది. యేగర్ దాని మీద అడుగు పెట్టాడు. గాలి ఒంటిని పక్కకు తోస్తోంది. కుడిచేత్తో పట్టుకోలేడు, ఎడమచేత్తోనే భారమంతా. ఒక్కొక్క మెట్టుకీ పట్టీ కింద ఎముకలు కలుక్కుమంటున్నాయి. దిగి, కాళ్లు ముందు పెట్టి, ఆ చిన్న కంతలోంచి లోపలికి జారాలి. విరిగిన పక్కటెముకల మీద ఒళ్లు మెలితిప్పి జారాడు.

వెనకే రిడ్లీ దిగాడు. తీగకు వేలాడుతూ వచ్చిన తలుపును పట్టుకుని చట్రానికి ఆనించాడు. హోరుగాలిలో నిచ్చెన మీద నిలబడి, భుజంతో తలుపును అదిమి పట్టుకున్న ఆ మనిషిని ఒక్కసారి చూడండి. చరిత్ర పుస్తకాల్లో ఇతనికి దక్కేది ఒకటి రెండు వాక్యాలు. లోపల యేగర్ కర్రముక్క అందుకుని, మీటలో దూర్చి, ఎడమచేత్తో ఎత్తాడు.

టక్.

గొళ్లెం పడింది.

లోపల చీకటి. బి-29 పొట్ట నీడలో ఉన్నాడు కదా. వీపు వెనకే ద్రవ ఆక్సిజన్ ట్యాంకు. వేడి పుట్టించే ఏర్పాటు ఏదీ లేదు. ఊపిరి పొగలై అద్దం మీదికి పోతోంది. ఎజెక్షన్ సీటు లేదు. దూకాలంటే ఇప్పుడు వేసిన ఈ తలుపు తీసుకునే దూకాలి. తలుపు వెనకే కత్తి అంచులాంటి రెక్క. దూకినవాడు దాన్ని తప్పించుకోలేడని అతనికీ తెలుసు, పంపినవాళ్లకూ తెలుసు. ఎదురుగా మ్యాక్ మీటరు. దాని మీద అంకెలు 1.0 దగ్గర ఆగిపోతాయి. అక్కడికి మించి గీతలు గీసే అవసరం వస్తుందని తయారుచేసినవాళ్లు అనుకోలేదు.

బాబ్ హూవర్ పి-80 జెట్‌లో ముందు, బాగా ఎత్తున ఉన్నాడు. ఇంకొక పి-80లో డిక్ ఫ్రాస్ట్ పక్కనే ఉన్నాడు. 20,000 అడుగులు. కార్డెనాస్ ముక్కు కొద్దిగా దించి వేగం పట్టిస్తున్నాడు. రేడియోలో అంకెలు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. ఉదయం 10 గంటల 26 నిమిషాలు.

కొక్కెం ఊడింది.

చీకట్లోంచి ఒక్కసారిగా ఎండలోకి. కళ్లు బైర్లు కమ్మాయి. కడుపులో పేగులు గొంతులోకి వచ్చినట్టయింది. వదిలిన వేగం కావలసినంత లేదు. ఇంధనం నిండా మోస్తున్న విమానం ఎగరడం లేదు, రాయిలా పడుతోంది. యేగర్ ముక్కు కిందికి వంచాడు. అయిదువందల అడుగుల దాకా పడ్డాక రెక్కల కింద గాలి గట్టిపడింది. ఒకటో గది వెలిగించాడు. వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదుపు. రెండు. మూడు. నాలుగు. నాలుగూ మండుతుంటే ఫ్రాస్ట్, హూవర్‌ల జెట్‌లు నిలబడిపోయినట్టున్నాయి. ఎక్స్-1 నీలంలోకి నిటారుగా దూసుకుపోతోంది.

రెండు గదులు ఆర్పాడు. ఇప్పుడు అసలు పని. 0.83 దగ్గర స్విచ్చి నొక్కాడు, తోక రెక్క వెంట్రుకవాసి తిరిగింది, ముక్కు కదిలింది. విమానం ఒళ్లు వణకడం మొదలైంది, గతుకుల రోడ్డు మీద బండిలా. 0.88 దగ్గర మళ్లీ. 0.92 దగ్గర మళ్లీ. వణుకుతోంది కానీ మాట వింటోంది. ఈ మూడు సార్లూ ఎందుకు ఆగి ఆగి చూశాడో గమనించండి. తెగించి దూకే మనిషి అలా చెయ్యడు. ఈ పనికి కావలసింది గుండెధైర్యమే అయితే అది ఉన్నవాళ్లు ఆ స్థావరంలో వీధికి పదిమంది. ప్రతి మెట్టు దగ్గరా నిలబడి, కింద పట్టు ఉందో లేదో కాలితో తడిమి చూసి, రెండో కాలు వేసే ఓపిక కావాలి. దెబ్బ తగిలిన పక్క మంటపెడుతున్నా ఆ ఓపిక సడలకూడదు.

42,000 అడుగులు. ఇంధనం నూటికి ముప్పై పాళ్లు మిగిలి ఉంది. ముక్కు దించి సమంగా నిలిపాడు. మూడో గది మళ్లీ వెలిగించాడు. సూది 0.94 దాటింది. మొన్న పట్టు జారిన చోటు. స్విచ్చి మీద వేలు ఉంది, పట్టు ఉంది. 0.96. సూది ఒకటిని ఆనుకోబోయే దగ్గర తడబడింది. ఒక్క క్షణం కొట్టుకుంది. ఆ తర్వాత గీతలు దాటి అంకెలు లేని చోటికి పోయి నిలబడింది.

వణుకు ఆగిపోయింది.

దేనికోసమైతే ఇంతమంది ఊపిరి బిగబట్టుకుని ఉన్నారో అది నిశ్శబ్దంగా వచ్చేసింది. పగలడం లేదు, పేలడం లేదు. గతుకుల దారి అయిపోయి తారురోడ్డు ఎక్కినట్టు సాఫీగా పోతోంది. యేగర్ రేడియోలో రిడ్లీని పిలిచి, ఈ మ్యాక్ మీటరుకు ఏదో అయినట్టుంది, గీతలు దాటి పోయింది అని చెప్పాడు. నీకేదో కనబడుతోందిలే అన్నట్టు అటు నుంచి రిడ్లీ అదే తాపీ యాసలో జవాబిచ్చాడు. వీళ్ల మాటలు అందరికీ వినిపించే రేడియోలో పోతున్నాయి, జరుగుతున్నది సైనిక రహస్యం. అందుకని ఇద్దరూ మీటరు మీద నెపం పెట్టి ఒకరికొకరు కబురు అందించుకున్నారు.

దూరంగా నేల మీద ఉరుము. మబ్బు తునక లేని ఆకాశంలో ఉరుము. నాకా వ్యాన్ దగ్గర నిలబడ్డవాళ్లు తలలెత్తారు. విమానంలో ఉన్నవాడికి ఆ చప్పుడు వినబడదు, అతను దాన్ని వెనకే వదిలేసి పోయాడు.

అలా ధ్వని కన్నా ముందు దాదాపు 20 సెకన్లు. ఇంజన్ ఆర్పాడు. మిగిలిన ఇంధనం బయటికి వదిలేశాడు. వేగం తగ్గుతుంటే మళ్లీ అదే వణుకు వచ్చి, పోయింది. ఇక ఏ చప్పుడూ లేదు, రెక్కల మీద గాలి రాసుకునే చప్పుడు తప్ప. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. అద్దం శుభ్రంగా ఉంది, షాంపూ నిలబడింది. వదిలిన 14 నిమిషాలకు ఎండిన సరస్సు మీద చక్రాలు ఆనాయి. తెల్లటి దుమ్ము తోకలా లేచింది. మైళ్ల చదును కనుక ఎక్కడ ఆగితే అదే రన్‌వే.

తలుపు తీసి బయటికి రాగానే ఎండ. పొద్దున లేని ఎండ. గడ్డకట్టిన ఒంటికి అది ఎంత హాయిగా తగిలిందో అతనికి చివరిదాకా గుర్తుంది. అగ్నిమాపక దళం బండెక్కి హ్యాంగరుకు వెళ్లాడు.

కానీ గోడ దాటినట్టు ఇంకా ఎవరూ రాతపూర్వకంగా చెప్పలేరు. మీటరు గీతలు దాటింది అన్నది సాక్ష్యం కాదు. సాక్ష్యం విమానం కడుపులో ఫిల్ముల మీద సన్నటి గీతలుగా ఉంది. మ్యూరాక్‌లో నాకా తరఫున ‘కంప్యూటర్లు’ అని పిలిచే ఉద్యోగినులు ఉన్నారు. యంత్రాలు కాదు, మనుషులు. రోక్సానా యాన్సీ అనే గణిత పట్టభద్రురాలు వాళ్లలో ముఖ్యురాలు. ఫిల్మును బల్ల మీద పరిచి, గీత ఎత్తు ప్రతిచోటా కొలిచి, ఒత్తిడి, ఉష్ణోగ్రత, ఎత్తు సవరణలు వేసి, కాగితం మీద వరసలు వరసలుగా అంకెలు దించడం వాళ్ల పని. రాకెట్టు మండింది నిమిషాలే. ఇక్కడ గంటలు, రోజులు. ఆ లెక్కల చివర తేలిన అంకె, 43,000 అడుగుల దగ్గర మ్యాక్ 1.06. గంటకు 700 మైళ్లు. యేగర్ కుర్చీలో కూర్చుని చేసింది ప్రపంచానికి నిజమైంది ఈ బల్లల దగ్గరే.

గోడ లేదని తేలింది కనుక చావులు ఆగాయా? ఆగలేదు. ఏడు నెలలు తిరక్కుండానే, 1948 మే 3న, ఇదే ఎండిన సరస్సు మీద నాకా పైలట్ హోవర్డ్ లిల్లీ స్కైస్ట్రీక్ విమానంలో చనిపోయాడు. నెల తిరిగిందో లేదో, జూన్ 5న వై.బి.-49 అనే తోక లేని బాంబరు గాలిలో విరిగి పైలట్ గ్లెన్ ఎడ్వర్డ్స్ సహా అందులో ఉన్నవాళ్లంతా పోయారు. మరుసటి ఏడాది మ్యూరాక్‌కు ఆయన పేరే పెట్టారు, ఇప్పటికీ అది ఎడ్వర్డ్స్ స్థావరమే. మ్యాక్ 3 మొదట దాటిన మెల్ ఆప్ట్ ఆ రోజే, 1956 సెప్టెంబర్ 27న, నేల చేరలేదు. డి హావిలాండ్ పోయి ఆ రోజుకు సరిగ్గా పదేళ్లు.

రిడ్లీ 1957 మార్చిలో జపాన్‌లో పోయాడు. ఏ రాకెట్ విమానంలోనూ కాదు. ప్రయాణికుడిగా ఎక్కిన మామూలు సి-47 రవాణా విమానం కొండను గుద్దుకుంది. ఆ నిచ్చెన మీద నిలబడి తలుపు అదిమి పట్టుకున్నవాడికి ఇలాంటి చావు రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఎడ్వర్డ్స్‌లో పరీక్షా విమానాల కొలతలన్నీ వచ్చి చేరే నియంత్రణ కేంద్రానికి ఆయన పేరు పెట్టారు. యేగర్ మాత్రం 97 ఏళ్లు బతికి 2020 డిసెంబర్‌లో పోయాడు. ఈ కథ చెప్పేటప్పుడు రిడ్లీ పేరు తలుచుకునేవాడు.

ఇవన్నీ తర్వాతి మాటలు. మనం ఇంకా ఆ మంగళవారంలోనే ఉన్నాం. మధ్యాహ్నానికల్లా పైనుంచి ఆజ్ఞ వచ్చేసింది. ఎవరికీ చెప్పకూడదు, ఎక్కడా పండగ చేసుకోకూడదు. డిసెంబర్‌లో ఏవియేషన్ వీక్ పత్రిక బయటపెట్టేదాకా, 1948 జూన్‌లో ప్రభుత్వం ఒప్పుకునేదాకా ఈ సంగతి ఎడారి దాటదు. ధ్వనిని దాటి వచ్చినవాడికి తన హోటల్లో ఉచితంగా విందు పెడతానని పాంచో ఎప్పటి నుంచో అంటోంది. ఈ రాత్రి అక్కడికి వెళ్లే వీల్లేదు. అక్కడ గుమిగూడితే ఊరంతా పసిగట్టేస్తుంది.

అందుకని యేగర్ వాళ్ల చిన్న ఇంట్లో దగ్గరివాళ్లు నలుగురు చేరారు. బయట మళ్లీ చలి మొదలైంది. గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. ఎవరైనా మ్యాక్ మీటరు పాడైన సంగతి ఎత్తితే నవ్వు ఆగడం లేదు. నవ్వినప్పుడల్లా పక్కటెముకలు ఇంకా విరిగే ఉన్నాయని గుర్తుచేస్తున్నాయి.